మూడు తలుపుల కారుకు నాలుగో తలుపు

కార్ల కంపెనీలో పని అని చెప్పగానే ఎదుటివాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి. "అబ్బో! ఏం చేస్తారక్కడ?" అంటారు. "వెనక తలుపులు," అని ఆవిడ చెప్పేది. అక్కడినుంచి మాట వాతావరణం మీదికి మళ్ళేది.

ఆవిడ అసలు పేరు జీతాలిచ్చే గదిలోవాళ్ళకు తెలుసు. మిగిలిన కంపెనీ అంతటికీ తలుపులమ్మ. ఉద్యోగంలో చేరిననాడు ఖాళీగా ఉన్న ఒకే ఒక్క కుర్చీ వెనక తలుపుల విభాగంలో ఉంది. అందులో కూర్చుంది. జుట్టు నెరిసింది, కుర్చీ మారింది, విభాగం మాత్రం మారలేదు. కారు ముఖం గీసినవాళ్ళకు పత్రికల్లో ఫొటోలు పడేవి. దీపాలు గీసినవాళ్ళకు బహుమతులొచ్చేవి. వెనక తలుపును మెచ్చుకున్న మానవుడు ఇంతవరకు పుట్టలేదు. తిట్టేవాళ్ళకు మాత్రం కొదవ లేదు. వేలు నలిగితే తిడతారు, వాననీళ్ళు కారితే తిడతారు, పిల్లవాడు దారిలో తెరిస్తే పిల్లవాణ్ణి వదిలేసి తలుపును తిడతారు.

ఈ విషయంలో ఆవిడకు ఒక సిద్ధాంతం ఉండేది. ముందు తలుపు కారు కొన్నవాడిది. వెనక తలుపు అతన్ని భరించేవాళ్ళది. కొన్నవాడు డబ్బు పోశాడు కాబట్టి ఎలా ఎక్కాల్సొచ్చినా నోరెత్తడు. భరించేవాళ్ళు ఊరుకోరు. అందుకని ముందు తలుపుకంటే వెనక తలుపును ఎక్కువ ఆలోచించి చెయ్యాలి.

ఆలోచన ఇంట్లో జరిగేది. ముందుగదిలో సోఫా ఉండాల్సిన చోట ఒక కారు వెనక సగం ఉండేది. చెక్క చట్రం, నిజమైన సీటు, నిజమైన తలుపు. కొత్త కారు మొదలైనప్పుడల్లా కంపెనీ వడ్రంగి వచ్చి చట్రం మార్చి వెళ్ళేవాడు. చుట్టాలు వస్తే అందులోనే కూర్చునేవాళ్ళు. భర్తకు వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణం. ఆయన పేపరు చదివేది, కునుకు తీసేది కూడా అందులోనే. "మాకూ కారుంది. ఎక్కడికీ పోదు, అంతే తేడా," అని వచ్చినవాళ్ళకు చెప్పేవాడు.

ఆ తలుపులకు పరీక్షాధికారి అత్తగారు. భారీ మనిషి. మోకాళ్ళు చెడిపోయాయిగానీ నోరు చెడలేదు. కారెక్కడంలో ఆవిడ పద్ధతి ఆవిడది. ముందు వెనకభాగాన్ని లోపలికి పంపి కూలబడేది. తర్వాత కాళ్ళను చేతులతో ఎత్తి, సామాను సర్దినట్టు ఒక్కొక్కటే లోపల పెట్టుకునేది. కాసేపు కూర్చుని, మళ్ళీ సామానంతా దించుకుని, తీర్పు చెప్పేది.

"దీన్లో ఎక్కడంకంటే నడిచిపోవడం నయం."

"ఎక్కడ తగులుతోందత్తయ్యా?"

"తగలందెక్కడో అడుగమ్మా, తొందరగా తేలిపోతుంది."

కూరలో ఉప్పు దగ్గర్నుంచి కిటికీ తెరల రంగు దాకా ఆ అత్తాకోడళ్ళకు దేనిమీదా పొసగలేదు. తలుపుల విషయంలో మాత్రం ఒకరి మాట ఒకరు కాదనలేదు.

అలా ఉండగా కంపెనీకి సముద్రం అవతలి దేశం నుంచి ఒక బేరం వచ్చింది. ఆ దేశంలో రోడ్లు వెడల్పు, కుర్రవాళ్ళకు తీరిక ఎక్కువ. సిగ్నల్ దగ్గర ఇంజను గుర్రుమనిపించి, పక్క కారువాడి వంక చూసి, పచ్చదీపం పడగానే బాణంలా దూసుకుపోయి, తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగడం అక్కడి మగవాళ్ళ ముఖ్యమైన వ్యాపకం. అందుకు పనికొచ్చే కార్లను మజిల్ కార్లంటారు. పొడుగు ముక్కు, పొట్టి తోక, పెద్ద ఇంజను, రెండే తలుపులు, దిమ్మ తిరిగే ధర. అక్కడి దిగుమతి షావుకారు కోరిందల్లా అదే కారు నాలుగు తలుపులతో, గుమాస్తా కొనగల ధరలో.

గుమాస్తా ధరకు పెద్ద ఇంజను రాదు. కాబట్టి సరుకుల వ్యాను ఇంజనునే పెట్టి, పొగగొట్టానికి గర్జించడం నేర్పారు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టుంది వ్యవహారం. అయితే అలాంటి మీసాలు తమ దేశంలో లక్షల్లో ఉన్నాయని షావుకారు భరోసా ఇచ్చాడు.

కారు రూపం గీసే పని బొమ్మలబాబుకు అప్పగించారు. సన్నగా, ఆరడుగులు దాటి పెరిగిన మనిషి. నల్లచొక్కా తప్ప వేసుకోడు. అతని బొమ్మల్లో కారు చక్రాలు తిరగలి రాళ్ళంత, అద్దాలు బ్లేడు ముక్కంత ఉండేవి. లోపల మనుషులుండేవాళ్ళు కాదు. మనుషులుంటే గీత చెడుతుందని అతని నమ్మకం.

మొదటి రోజే గొడవైంది.

"మేడం, ఈ కారు వెనకభాగం దూకబోతున్న పులిలా ఉండాలి. అక్కడ మీ తలుపు పెడితే పులి పొట్ట కోసి కిటికీ బిగించినట్టుంటుంది."

"పులి లోపలికెళ్ళినవాళ్ళని ప్రయాణికులు అనరు బాబూ. మేత అంటారు."

"అసలు నా కారులో వెనక ఎవరు కూర్చుంటారండీ?"

"మీ అమ్మ."

"మా అమ్మ బస్సులో వెళ్తుంది."

"నీ బొమ్మలు చూసుంటుంది పాపం."

గొడవ డైరెక్టరు దాకా పోయింది. ఆయన్ను వెనకాల చౌకదొర అనేవాళ్ళు. మనుషులు లేని గదిలో దీపం ఎవరైనా ఆర్పుతారు. ఆయన మనుషులున్న గదిలో కూడా ఆర్పేవాడు. ఇద్దరి వాదనా నిలబెట్టే విన్నాడు. కూర్చోబెడితే కుర్చీలు అరుగుతాయనుకున్నాడో ఏమో.

"మట్టి ఒక్క కారుకే కొన్నాం. చెరో వైపు చేసుకోండి," అన్నాడు. "షావుకారుకు ఎవరి వైపు నచ్చితే వాళ్ళది ఉంటుంది. నచ్చనివాళ్ళు లారీల సెక్షనుకి."

లారీల సెక్షను ఆవరణకు అవతలి చివర ఉన్న రేకుల షెడ్డు. లారీకి వెనక తలుపు ఉండదు. ఉన్నచోట గొలుసేసి కట్టేస్తారు. తలుపులమ్మను అక్కడికి పంపడమంటే వంటమనిషిని ఉపవాసాలుండేవాళ్ళ ఇంట్లో పనికి పెట్టడం. బొమ్మలబాబును పంపడం కూడా దాదాపు అంతే. లారీని పులిలా గీస్తే డ్రైవర్లు కొట్టడానికొస్తారు.

ఇక్కడ మట్టి సంగతి కాస్త చెప్పాలి. కొత్త కారును ఇనుముతో చెయ్యకముందు, నిలువెత్తు బొమ్మను మట్టితో చేస్తారు. కుండలు చేసే మట్టి కాదు. మైనంలాంటి గోధుమరంగు మట్టి. పొయ్యిలో వెచ్చబెట్టి, చట్రం మీద మెత్తి, ఆరాక బ్లేళ్ళతో గీకి నునుపు చేస్తారు. పైన వెండిరంగు పొర కప్పితే అచ్చం కారులా ఉంటుంది. కంపెనీలో మట్టిపని జరిగే స్టూడియోలో పాతకాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. ఒకే బొమ్మకు కుడివైపు ఒకరి ఆలోచన, ఎడమవైపు ఇంకొకరి ఆలోచన మెత్తుతారు. మట్టి కలిసొస్తుంది, చోటు కలిసొస్తుంది. చూసేవాళ్ళు ఒక వైపే నిలబడి, రెండో వైపు కూడా అలాగే ఉన్నట్టు ఊహించుకోవాలి. కొత్తగా చేరినవాళ్ళకు కొన్నాళ్ళు తలనొప్పి వస్తుంది. తర్వాత అలవాటైపోతుంది. ఎంతగానంటే, రెండు వైపులూ రెండు రకాలుగా ఉన్నాయన్న సంగతే కళ్ళు గమనించడం మానేస్తాయి.

మట్టిపని పెద్ద అందరికీ మావయ్య. ఆయన నాణెం ఎగరేశాడు. ఎడమవైపు బొమ్మలబాబుకు, కుడివైపు తలుపులమ్మకు పడింది.

ఎడమవైపు నిజంగానే పులి తయారైంది. ముందు చక్రం మీదినుంచి వెనక దీపం దాకా ఒకే మడత, గాలి గీసినట్టు. ఆ మడత మీద వెనక తలుపు గీత గీస్తే వెలుగు విరిగిపోతుందని బొమ్మలబాబు అసలు గీతే గీయలేదు. "వెనక తలుపేదయ్యా?" అని మావయ్య అడిగితే, "ఉంది, ఊహించుకోండి," అన్నాడు. కుడివైపు తలుపులమ్మ వెడల్పాటి తలుపు పెట్టింది. పైన ఎత్తు, కింద కాలు తిప్పుకోడానికి చోటు, పట్టుకోడానికి నిండైన పిడి. అందంగా లేదనడానికి లేదు. మర్యాదస్తుల ఇంటి గుమ్మంలా ఉంది. పులికి మాత్రం దానితో చుట్టరికం లేదు.

షావుకారు వచ్చాడు. గుండ్రటి మనిషి, చేతి వేళ్ళనిండా ఉంగరాలు. వెంట దుబాసీ ఆవిడ, జలుబుతో. బొమ్మను ఆవరణలోకి, ఎండలోకి తోసుకొచ్చారు. బొమ్మలబాబు ఎడమవైపు, తలుపులమ్మ కుడివైపు పెళ్ళిచూపుల్లోవాళ్ళలా నిలబడ్డారు. చౌకదొర ధర గురించి ఉపన్యాసమిచ్చాడు. మావయ్య మట్టి గురించి నాలుగు మాటలు చెప్పాడు. ఇవి రెండు వేరువేరు కార్లు, ఒక సగమే ఎంచుకోవాలి అన్న ముక్క మాత్రం ఎవరూ చెప్పలేదు. దాచి కాదు. అది చెప్పాల్సిన సంగతని అక్కడ ఒక్కరికీ తోచలేదు. అద్దంలో కనిపించేది నువ్వేనని ఎవరైనా అతిథికి చెబుతారా?

షావుకారు ఎడమవైపు చూశాడు. తల పంకించాడు. చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చాడు. ఆగాడు. మళ్ళీ ఎడమవైపుకు వెళ్ళాడు. ఇంకోసారి కుడివైపుకు పరుగులాంటి నడకతో వచ్చాడు. తర్వాత చేతులెత్తి ఏదో అరిచాడు. దుబాసీ ఆవిడ చీదుకుని చెప్పింది:

"అద్భుతమంటున్నారు. మా దేశంలో డ్రైవరు కూర్చునేది ఎడమవైపు. రోడ్డు మీదవాళ్ళకి కనిపించేది ఆ వైపే. అటు ఒకటే తలుపు, అచ్చం మజిల్ కారు. ఇంటి గుమ్మంలోంచి భార్యకి కనిపించేది కుడివైపు. ఇటు సంసారపు తలుపు. కారు కొనేది మగవాడు, కొననిచ్చేది ఇంటావిడ. రెండు తలుపులుంటే ఆవిడ కొననివ్వదు, నాలుగుంటే వీడు కొనడు. ఇన్నేళ్ళూ తెగని చిక్కు మీరు తెంచేశారట. ఇలాంటి బుర్రలు ఎక్కడ దొరికాయని అడుగుతున్నారు."

బొమ్మలబాబు పులికి సగం గుమ్మం పుట్టింది. తలుపులమ్మ ముందుకొచ్చింది.

"అయ్యా, అసలిది..."

చౌకదొర ఆవిడ కాలు తొక్కాడు. బూట్లు ఖరీదైనవి కాకపోయినా బలమైనవి.

"అసలిది మా ఎన్నో నెలల కృషి," అన్నాడు.

షావుకారు చేతులు కలిపి వెళ్ళిపోయాడు. తర్వాత కంపెనీవాళ్ళు ఫోనులో మెల్లగా నిజం చెప్పబోతే ఆయన వినలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నాడు. మూడు తలుపులంటే మూడే. అప్పటికే తన దేశంలో పదిమందికీ చెప్పేశాడు, అది తనకే వచ్చిన ఆలోచనని.

"అయితే లారీలకి పోయేదెవరు?" అడిగాడు మావయ్య.

"ఎవరూ కాదు. ఇద్దరూ కలిసి పని చెయ్యండి," అన్నాడు చౌకదొర. ఇద్దరికీ ఆ క్షణాన లారీలే నయమనిపించింది.

తలుపులమ్మ ఆయన గది దాకా వెంటపడింది.

"నాలుగు తలుపుల కారని ఒప్పుకున్నాం కదండీ."

"డిక్కీ తలుపు కాదా?"

"డిక్కీలోంచి ఎవరు దిగుతారు సార్?"

"ఎవరు దిగినా దిగకపోయినా తెరిస్తే తెరుచుకుంటుంది. తలుపంటే అంతేగా?"

ఆవిడకు ఒళ్ళు మండింది. ఒంటి తలుపు సంగతి చౌకదొరకు తెలియకపోవచ్చు, ఆవిడకు తెలుసు. ఈ కారుకు ఇంజను ముందుంది, తిరిగేవి వెనక చక్రాలు. మధ్యలో ఇరుసు పోవడానికి నేల మీద పెద్ద దిబ్బ ఉంటుంది. డ్రైవరు వెనక కూర్చున్నవాడు దిగాలంటే ఆ దిబ్బ దాటి, పక్కనున్నవాళ్ళను ముందు దింపి, ఆ తర్వాత తాను దిగాలి. పక్కనున్నవాళ్ళు దిగకపోతే కారులో కాపురమే.

ఈ సంగతి బొమ్మలబాబుకు చెప్పింది. అతను ఎలక్ట్రానిక్ కలంతో ఏదో గీసుకుంటూ, "జరుగుతారండీ, జరుగుతారు. జనం జరుగుతూనే ఉంటారు," అన్నాడు.

"ఓసారి మా ఇంటికి రా. టీ ఇస్తాను."

ఆదివారం సాయంత్రం వచ్చాడు. ముందుగదిలో చట్రం ఈ కారు కొలతలకు మారి ఉంది. కుడివైపు తలుపు, మధ్యలో దిబ్బ, ఎడమవైపు చెక్కపలక. తలుపులమ్మ అతన్ని ఎడమ మూలకు పంపింది. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. ఆ వెనకే అత్తగారు తన పద్ధతిలో వెనకభాగం, ఒక కాలు, రెండో కాలు వరసగా సర్దుకుని తలుపేసుకుంది.

"నువ్వేనా నాయనా పులి అబ్బాయివి?"

"అవునండీ."

"పెళ్ళైందా?"

"లేదండీ. ఇక దిగుతానండీ, చూడటం అయిపోయింది."

"దిగు, దిగు. నేను వద్దన్నానా?"

అతను ఆవిడ వంక చూశాడు. ఆవిడ కదల్లేదు.

"మీరు కాస్త దిగితే..."

"నేనిప్పుడే ఎక్కాను నాయనా. నా మోకాళ్ళకి ఎక్కడం ఒక గండం, దిగడం ఇంకో గండం. నీకోసం రెండూ పడమంటావా? దాటి పో. నాకేం అభ్యంతరం లేదు."

దాటడమంటే ఆవిడ ఒడి మీదుగా దాటాలి. అతను దిబ్బ మీద ఒక కాలు పెట్టాడు. తల పైకప్పుకు కొట్టుకుంది. వెనక్కి కూలబడ్డాడు. తలుపులమ్మ టీ కప్పు కిటికీలోంచి అందించింది. కళ్ళజోళ్ళాయన పేపరు తెచ్చిచ్చి, "చదువుకో బాబూ, పొద్దు పోతుంది," అని సానుభూతి చూపాడు.

అత్తగారు తన పుట్టింటి కథ మొదలుపెట్టింది. అన్నదమ్ములెంతమంది, ఎవరి భార్య ఎవరితో మాట్లాడదు, ఆస్తిలో మామిడిచెట్టు ఎవరికి రావాల్సింది, ఎవరికి వచ్చింది. మామిడిచెట్టు దగ్గరికొచ్చేసరికి బొమ్మలబాబుకు కాళ్ళు తిమ్మిరెక్కాయి. రెండో కప్పు టీ దెబ్బకు ఇంకో అవసరం కూడా పుట్టింది.

"మేడం! మేడమండీ!"

"జరుగుతారన్నావుగా బాబూ."

"ఇటువైపు తలుపు కావాలి," అన్నాడు అతను, చెక్కపలకను పిడికిలితో కొడుతూ. "ఇప్పుడే కావాలి."

ఆ తర్వాత పని సులువని కాదు. అసలు చిక్కు అప్పుడే మొదలైంది. షావుకారుకు ఎడమవైపు వెనక తలుపు కనిపించకూడదు, కూర్చున్నవాళ్ళకు ఉండాలి. తలుపులమ్మ ముందు చౌకదొర దగ్గరికి వెళ్ళింది.

"నాలుగు తలుపులకీ తాళాలు, అద్దాలు ముందే ఆర్డరిచ్చారని విన్నానండీ."

ఆయన ముఖం చిన్నబోయింది. "వెనక్కి తీసుకోరట వెధవలు."

"ఊరికే పడుంటాయి కదా. వాడేస్తే పోలా?"

పడుండే వస్తువు గురించి ఆలోచించాల్సొస్తే ఆయనకు నిద్ర పట్టదు. దీపం ఆర్పి చీకట్లో కాసేపు ఆలోచించాడు.

"షావుకారు కంటికి కనిపించకపోతే నేనూ చూడనట్టే. కనిపించి, ఆయన కాదన్నాడో... రేకుల షెడ్డులో నీ కుర్చీ సిద్ధంగా ఉంటుంది. అబ్బాయి కాదు, నువ్వు. అడిగింది నువ్వు కాబట్టి."

"అలాగేనండీ."

"పాత కుర్చీ తీసుకెళ్ళాలి. కొత్తది ఇవ్వను."

బొమ్మలబాబును ఒప్పించడానికి ఒక్క మాట సరిపోయింది. "ఎవరికీ కనిపించని తలుపు గీయడం నీవల్ల కాదేమోలే," అంది. అతను రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మూడో రోజు బొమ్మ పట్టుకొచ్చాడు.

అతని మడత కింద ఎలాగూ ఒక నీడ పడుతుంది. తలుపు పై గీతను ఆ నీడలో పడుకోబెట్టాడు. నిలువు గీతను కిటికీ వెనక నల్లపట్టీలో కలిపేశాడు. కింది గీత కారు అంచు కిందికి పోయింది. బయట పిడి లేదు. నల్లపట్టీ ఒక చోట వేలితో నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. ఆ చోటెక్కడో తెలియనివాడు జీవితమంతా నొక్కుతూనే ఉండాలి. తలుపులమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. ఇన్నేళ్ళలో తన తలుపు మీద ఒకడు ఇంత శ్రద్ధ పెట్టడం ఆవిడ చూడలేదు. అది కనబడకుండా చెయ్యడానికే అయినా.

"బాగుంది. సన్నగా ఉంది. అత్తయ్య భుజం పట్టదు."

"ఇంకా వెడల్పు చేస్తే నీడ దాటుతుంది మేడం."

"అయితే నీడను పెంచు."

"నీడను ఎవరైనా పెంచుతారా అండీ?"

"మామిడిచెట్టు కథ ఇంకా సగం మిగిలే ఉంది బాబూ."

అతను మడతను కాస్త కిందికి దించాడు. నీడ పెరిగింది. దించాక మడత ఇంకా బాగుందని అతనికే అనిపించింది. ఆ మాట పైకి అనలేదు.

చట్రానికి ఆ తలుపు బిగించి, రంగు వేసి, కళ్ళజోళ్ళాయన్ను ముందు నిలబెట్టారు. గోడమీద చీమతలంత అక్షరాలు చదివించి బతికే మనిషి. కళ్ళజోడు మార్చి మార్చి చూసి, చివరికి అలమారా తలుపు చూపించి, "ఇదా?" అన్నాడు. అత్తగారు ఆ తలుపులోంచి ఎక్కింది, దిగింది. "దిగొచ్చు," అంది. ఆవిడ నోటివెంట అంతకుమించిన పొగడ్త ఎవరూ వినలేదు.

చివరికి నిజమైన కారు తయారైంది. ఎర్రరంగు. ఇంజను మొదలుపెడితే పులి గొంతుతో వ్యాను దగ్గినట్టుంది. షావుకారు చూడటానికొచ్చాడు. ఈసారి భార్యను, ఆవిడ తమ్ముళ్ళిద్దరినీ వెంటబెట్టుకొచ్చాడు. సంసారపు కారు కాబట్టి సంసారాన్ని తెచ్చానన్నాడు. భార్య సన్నగా, నిటారుగా, ఎక్కువ మాట్లాడని మనిషి. తలుపులమ్మకు ఆవిడను చూసిన మరుక్షణం కారు లోపలి పిడి గుర్తొచ్చింది. తలుపును బయట దాచారుగానీ లోపల దాచలేదు. దిగాల్సినవాళ్ళు చూసుకుని లాగాలి కాబట్టి పిడి నిండుగా, మెరుస్తూ, చేతికందేటట్టు ఆవిడే పెట్టించింది.

భార్య కుడివైపు తలుపులోంచి ఎక్కి, దిబ్బ దాటి, డ్రైవరు వెనక మూలకు చేరింది. తమ్ముళ్ళిద్దరూ ఆమె పక్కన బిరడాల్లా బిగుసుకున్నారు. షావుకారు బయట ఎడమవైపు, సరిగ్గా ఆ తలుపుకే వీపు ఆనించి నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాడు. దుబాసీ ఆవిడ ఈసారి జలుబు లేకుండా చెబుతూ ఉంది:

"చూడండి, ఈ వైపు వెనక తలుపన్నదే లేదు. తడిమి చూడండి, గోడ. ప్రపంచంలో ఎవరికీ రాని ఆలోచన. ఒక రాత్రి నిద్రలో నాకు..."

బొమ్మలబాబు నేల చూస్తున్నాడు. చౌకదొర ఆకాశం చూస్తున్నాడు. తలుపులమ్మ కారు అద్దం లోపల ఒక సన్నటి చెయ్యి పిడి వైపు రావడం చూస్తోంది.

క్లిక్ మంది.

గోడ తెరుచుకుంది. షావుకారు ముందుకు తూలి మావయ్య భుజాన వాలాడు. భార్య ఒక కాలు బయట పెట్టి, రెండో కాలు పెట్టి, హాయిగా దిగింది. వెనక్కి తిరిగి తలుపు వేసింది. తలుపు మాయమైంది. లోపలున్న తమ్ముడికి సైగ చేసింది. అతను తెరిచాడు. తలుపు వచ్చింది. ఆవిడే మళ్ళీ వేసింది.

చౌకదొర తలుపులమ్మ వైపు చూశాడు. తర్వాత ఆవరణ అవతలున్న రేకుల షెడ్డు వైపు చూశాడు. తలుపులమ్మ మనసులో కుర్చీ ఎలా మోసుకెళ్ళాలో లెక్కేసుకుంది.

షావుకారు ముఖం కారు రంగుకు మారింది. వంగి ఆ తలుపు కోసం వేళ్ళతో తడిమాడు. దొరకలేదు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఎండలో చూశాడు. దొరకలేదు. ఈలోగా భార్య చిన్న గొంతుతో ఏదో అంది.

"ఏమంటున్నారు?" చౌకదొర అడిగాడు.

"అది... ఇంటి సంగతండీ."

"చెప్పమ్మా, జీతం ఇస్తున్నాం."

"‘నాకు తెలియకుండా ఇంకా ఎన్ని తలుపులున్నాయి మీ దగ్గర?’ అని అడిగారు."

షావుకారుకు తెలుసనడానికీ భయమే, తెలియదనడానికీ భయమే. తలుపు సంగతి తనకు తెలియదంటే అక్కడున్న అందరిముందు వెర్రివాడవుతాడు. తెలుసంటే, పెళ్ళాన్ని దిబ్బ మీదుగా ఎందుకు పంపాడో చెప్పాలి. ఛాతీ విరుచుకుని, గొంతు సవరించుకున్నాడు.

"నిన్ను ఆశ్చర్యపరుద్దామనే చెప్పలేదట," అంది దుబాసీ ఆవిడ. "ఈ తలుపు కూడా ఆయనకి నిద్రలోనే వచ్చిందట."

భార్య ఆ మాట నమ్మినట్టు కనిపించలేదు. తలుపులమ్మ దగ్గరికొచ్చి, ఆవిడ చేతిని రెండు చేతులతో పట్టుకుని, ఒకసారి గట్టిగా నొక్కింది. తర్వాత వెళ్ళి కారెక్కింది, ఎడమవైపునుంచే, ఎవరూ చెప్పకుండానే నల్లపట్టీ మీద సరైన చోట నొక్కి.

ఆ కారు అక్కడ మూడు తలుపుల కారుగానే అమ్ముడుపోయింది. ప్రకటనల్లో నాలుగో తలుపు ఊసెత్తొద్దని షావుకారు షరతు పెట్టాడు. మగవాళ్ళు ఎడమవైపు చూసి కొన్నారు, ఆడవాళ్ళు కుడివైపు చూసి కొననిచ్చారు. కొన్నాళ్ళకు అక్కడినుంచి కంపెనీకి ఫోన్లు మొదలయ్యాయి. కంపెనీలో ఎవరికీ ఏం చెప్పాలో తోచక, అన్నిటినీ వెనక తలుపుల విభాగానికే కలిపేవాళ్ళు. అక్కడ తలుపులమ్మ పాత కుర్చీలోనే కూర్చుని, దుబాసీ ఆవిడను పక్కన పెట్టుకుని ఎత్తేది.

"కారు కొని వారమైందట," అనేది దుబాసీ ఆవిడ. "నిన్న వాళ్ళావిడ ఇంకో తలుపు కనిపెట్టిందట. అది తయారీలో లోపమా, లేక అందరికీ ఉందా అని అడుగుతున్నాడు."

"అందరికీ ఉందని చెప్పు."

"బయటనుంచి ఎలా తెరవాలో చెప్పమంటున్నాడు."



"వాళ్ళావిణ్ణి అడగమను," అంది తలుపులమ్మ.